కొండచరియ మీద పూసిన అరుదైన మొక్కను ముట్టుకోకుండా నమోదు చేయడం ఎలా?

యూరప్‌లోని స్లొవేనియాలోనూ, దాని సరిహద్దుల్లో ఆస్ట్రియా, ఇటలీ వైపు కొండల్లోనూ కాంపానులా జోయిసీ అనే గంటపువ్వు మొక్క ఒకటి ఉంది. జానెడు ఎత్తు కూడా ఎదగదు. సున్నపురాయి చరియల్లో, వేలు కూడా దూరని పగుళ్లలో వేళ్లూనుకుంటుంది. పువ్వు లేత నీలం. గంటపువ్వు అంటున్నాం కానీ మూతి గంటలా విచ్చుకోదు, తాడు లాగి బిగించిన వక్కాకు సంచిలా చివర ముడుచుకుని ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో కార్ల్ జోయిస్ అనే ఆయన ఆ కొండల్లో దాన్ని కనిపెట్టి పంపిస్తే, వుల్ఫెన్ అనే శాస్త్రవేత్త ఆయన పేరే పెట్టాడు. ఆ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా పెరగదు.

ఇలాంటివి చరియల మీదే ఎందుకు మిగులుతాయంటే, అక్కడికి మేకలు చేరవు, మంటలు అంత సులువుగా పాకవు, గడ్డి వచ్చి చోటు ఆక్రమించదు. మట్టి తక్కువ, ఎండ ఎక్కువ. సున్నపురాయి అయితే అందులోని క్షారగుణం వల్ల మొక్కకు ఇనుము సరిగ్గా అందదు. దాన్ని తట్టుకున్నవే బతుకుతాయి. వాటి విత్తనాలు ఎంత దూరం వెళ్లినా, అలాంటి రాయి మళ్లీ దొరకకపోతే మొలకెత్తి ప్రయోజనం లేదు. తరతరాలు ఒకే కొండకు పరిమితమైపోతాయి.

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఈ జోయిసీ దొరకదు. దొరికిందని ఎవరైనా గ్రూపులో ఫొటో పెడితే నమ్మకండి. కానీ మన చరియలకూ వాటి సొంత మొక్కలు ఉన్నాయి, చాలా చోట్ల వాటిని ఎవరూ పట్టించుకుని చూడలేదు. వానాకాలంలో కొండెక్కినప్పుడు తెలియని పువ్వు కనబడితే ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను. పీకి ఇంటికి తెచ్చుకోవడం అందులో లేదు.

ముందు అనుమతి, తర్వాత కాలం

కొండ రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడిగి, అనుమతి తీసుకునే వెళ్లాలి. ఫొటోకే కదా అనుకోవద్దు. మొక్క, ఆకు, విత్తనం ఏది తెచ్చినా అనుమతి తప్పనిసరి. గిరిజన గ్రామం మీదుగా దారి ఉంటే ఊళ్లో పెద్దలకు చెప్పడం మర్యాద, పైగా అదే మీకు రక్షణ కూడా.

ఆగస్టు నుంచి నవంబరు మంచి కాలం. అంతకు ముందు రాళ్లు జారుతాయి, పిడుగుల భయం ఉంటుంది. ఆ తర్వాత చిన్న మొక్కలు ఎండి మాయమవుతాయి. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు, పార్వతీపురం, సీతంపేట వైపు ఏనుగుల గుంపు తిరుగుతుంటాయి కాబట్టి ఒంటరిగా వెళ్లవద్దు, చీకటి పడకముందే దిగిపోవాలి. చరియల కింద తేనెతుట్టెలు ఉన్నాయేమో ముందు తలెత్తి చూడండి. పెరతేనె ఈగలు కదిలితే పరిగెత్తడానికి చరియ మీద చోటుండదు. సెంటు, పొగ రెండూ వద్దు.

దారిలో అడ్డాకులు కోసేవాళ్లు, కొండచీపుర్లు కట్టేవాళ్లు కనబడితే పలకరించండి. “ఏటి బాబూ, పువ్వు కోసం ఇంత దూరం వచ్చీసినారా?” అని నవ్వుతారు. అయినా అడగండి. ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో, పోయినేడాది ఉందో లేదో వాళ్లు చెప్పినంత ఖచ్చితంగా ఏ యాప్ చెప్పలేదు. వాళ్ల భాషలో దానికి పేరుంటే, అది సవరదా, జాతాపుదా, కువిదా అన్నది కూడా కలిపి రాసుకోండి.

రాయిని చూడండి

చాలామంది పువ్వు మీద పడి రాయిని మర్చిపోతారు. చరియ మొక్కకు రాయే సగం చిరునామా. మన కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైట్, చార్నొకైట్, నీస్ అనే రాళ్లు, సున్నపురాయి కాదు. టెక్కలి చుట్టూ క్వారీల్లో తీసేది నీలం గ్రానైట్. సున్నపురాయి చూడాలంటే శృంగవరపుకోట దాటి, కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో బొర్రా వైపు ఎక్కాలి. ఆ గుహలు సున్నపురాయిని నీళ్లు కరిగించగా ఏర్పడ్డవే.

రాయి సున్నపుదో కాదో తేల్చుకోవడానికి కింద రాలిపడిన చిన్న ముక్క చాలు. దూరంగా తెచ్చి, కొంచెం గీకి, ఆ పొడి మీద రెండు చుక్కలు వెనిగర్ వేయండి. సన్నని బుడగలు లేస్తే సున్నపురాయి కావచ్చు. ఏమీ లేవకపోతే దాదాపు కాదు. ఈ పరీక్ష చరియ మీద, మొక్క పక్కన మాత్రం చేయకూడదు. చరియ ఏ దిక్కుకు తిరిగి ఉంది, నీళ్లు కారుతున్నాయా, నీడ ఎంతసేపు ఉంటుంది, పక్కన నాచు ఉందా, ఇవి కూడా నోట్‌బుక్కులో ఎక్కించండి.

అది నిజంగా అరుదైనదేనా?

అరుదు అనే మాట చివర రావాలి. ముందు మామూలువి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ రావాలి. తడి రాళ్ల మీద నీలం పువ్వు కనబడగానే టెన్షన్ పడకండి. అది రింకోగ్లాసమ్ కావచ్చు: ఆకు మొదట్లో ఒక వైపు పెద్దగా, మరో వైపు చిన్నగా ఉంటుంది, పువ్వులన్నీ ఒకే దిక్కుకు తిరిగి వరుసగా వేలాడతాయి. నాచులో వేలెడంత కాడ మీద రెండు పెదవుల చిన్న పువ్వు ఉంటే యుట్రిక్యులేరియా అయ్యుండవచ్చు. పొలం గట్టున, తడి నేలలో కనిపించే లొబీలియా గంటపువ్వు కుటుంబానిదే, కానీ దాని పువ్వు ఒక వైపు చీలి ఉంటుంది. అదే కుటుంబంలో వాలెన్‌బర్జియా చిన్న నీలి పువ్వులతో ఉంటుంది, దాన్ని చూసి కొత్తవాళ్లు కాంపానులా అనుకోవడం సహజం. దక్షిణాదిలో అసలు కాంపానులా చూడాలంటే నీలగిరి ఎత్తుల్లో, రాళ్ల మీద పూసే కాంపానులా ఆల్ఫోన్సీ ఉంది.

కాంపానులా గుర్తులు ఇవీ. ఐదు ఆకర్షణ పత్రాలు అతుక్కుని గొట్టంలా ఉంటాయి. అండాశయం పువ్వు లోపల కాకుండా కింద, కాడ చివర ఉబ్బుగా కనిపిస్తుంది. పువ్వు లోపల ఒకసారి నిదానంగా చూడండి. మొగ్గగా ఉన్నప్పుడే కేసరాలు తమ పుప్పొడిని మధ్యలోని కీలం మీది నూగుకు అంటించేస్తాయి. పువ్వు విచ్చేసరికి కేసరాలు వడిలి అడుగున ముడుచుకుని ఉంటాయి, పుప్పొడి అంతా కీలం మీదే ఉంటుంది. రెండు మూడు రోజుల తర్వాత ఆ కీలం కొన మూడుగా చీలి వెనక్కి వంగుతుంది. అందుకే ఒకే మొక్క మీద కొత్త పువ్వు, పాత పువ్వు చూస్తే రెండు వేర్వేరు రకాల్లా అనిపిస్తాయి. రెంటికీ ఫొటోలు తీయండి. గిల్లితే పాలు వస్తాయన్నది కూడా ఈ కుటుంబం గుర్తే గానీ, అరుదైనదేమో అని అనుమానం ఉన్న మొక్కను గిల్లి చూడటమేమిటి? విరిగి పడిన ఆకు దొరికితే సరే.

ఫొటోలు ఎలా తీయాలి

ఒక్క అందమైన పువ్వు ఫొటోతో శాస్త్రవేత్తలకు పని జరగదు. మొత్తం చరియ, అందులో మొక్క ఉన్న చోటు, మొక్క మొత్తం, అడుగు ఆకులు, కాడ మీది ఆకులు, ఆకు వెనక వైపు, పువ్వు పక్క నుంచి, ఎదురు నుంచి, వెనక నుంచి, కాయ: ఇవన్నీ కావాలి. అడుగు ఆకు గుండ్రంగా ఉండి పై ఆకు సన్నగా ఉండటం గంటపువ్వుల్లో మామూలే, అందుకే రెండూ అడుగుతారు. వెనక ఫొటో రక్షక పత్రాల కోసం. వాటి మధ్య కిందికి వంగిన చిన్న తోకల్లాంటివి ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టే కొన్ని రకాలు తేలతాయి.

కొలతకు పిల్లల స్కేలు పక్కన పట్టుకోండి. రూపాయి నాణెం పెట్టడం చాలామందికి అలవాటు. పాత రూపాయి 25 మిల్లీమీటర్లు, 2011 తర్వాతది 22, ఫొటోలో ఏదో ఎవరికి తెలుస్తుంది? నీలం రంగు ఫోనులో ఎండకు ఊదాగానో, గులాబీగానో పడుతుంది. గొడుగు అడ్డం పెట్టి, వెలుతురు కొంచెం తగ్గించి తీయండి. అప్పటికీ కంటికి కనిపించిన రంగును మాటల్లో రాసుకోవడం మంచిది. అందని ఎత్తులో ఉంటే జూమ్ చేయండి లేదా బైనాక్యులర్‌కు ఫోను ఆనించి తీయండి. తాడు కట్టుకుని దిగే పని ఆ శిక్షణ ఉన్నవాళ్లది. పైగా కాలు పెట్టే ప్రతి పగులూ ఏదో ఒక మొక్కకు ఇల్లే.

లెక్కపెట్టడం

పూసినవి, కాసినవి ఎన్ని, పిల్ల మొక్కలు ఎన్ని అని విడివిడిగా లెక్కించండి. ఇది ఏదో సరదా లెక్క కాదు. ఒక జాతికి ప్రపంచం మొత్తంలో ఎదిగిన మొక్కలు 50 కంటే తక్కువ ఉంటే, ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ లెక్కలో అది అత్యంత ప్రమాదంలో ఉన్నట్టు, 250 కంటే తక్కువైతే ప్రమాదంలో ఉన్నట్టు. ‘చాలా ఉన్నాయి’, ‘కొన్ని ఉన్నాయి’ అని రాస్తే ఆ లెక్కకు ఏమాత్రం పనికిరాదు.

ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

ఈ మెట్టు దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఫొటో వైరల్ అయితే వారం తిరిగేసరికి ఆ చరియ కింద సెల్ఫీల గుంపు, కుండీల్లో అమ్మేవాళ్లు. ఫోను తీసే ప్రతి ఫొటోలోనూ లొకేషన్ దాగి ఉండవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది సాధారణంగా పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. కాబట్టి నిపుణులకు డాక్యుమెంట్‌గా పంపండి, మిగతా అందరికీ ఊరు పేరు కూడా చెప్పకండి, ‘తూర్పు కనుమలు’ అంటే చాలు. మొక్కలు, జంతువుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టేటప్పుడు లొకేషన్‌ను మసకపరిచే సెట్టింగ్ పెట్టుకోండి. అప్పుడు మ్యాపులో అసలు చోటు కాకుండా, సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది.

గుర్తింపు కోసం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగాన్ని గానీ, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రాన్ని గానీ సంప్రదించండి. నమూనా కావాలో వద్దో వాళ్లే చెబుతారు, కావాలంటే అనుమతితో వాళ్లే తీస్తారు.

ఈలోగా పాత రికార్డులు వెతకాలనుకుంటే ఒక మాట. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. అంతకు ముందు సేకరించిన మొక్కల చీటీల మీద విశాఖపట్నమనో, 1936కు ముందువైతే గంజాం అనో ఉంటుంది. శ్రీకాకుళం ఊరైతే చికాకోల్. 2022లో జిల్లాలు మళ్లీ విడిపోయాక సాలూరు, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అందుకే మీ నోట్సులో జిల్లా పేరొక్కటే కాకుండా అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ కూడా ఉండాలి.

జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. పువ్వు ఒక్కటే చూసి ఉంటే ఆ లోపు కాయ కాసే వేళకు మళ్లీ వెళ్లండి. కాయ పగిలే తీరు, పక్కన చిల్లులు పడుతున్నాయా, పైన తెరుచుకుంటోందా అన్నది పువ్వు తేల్చలేని సంగతిని ఒక్కోసారి తేల్చేస్తుంది.