లంకల్లో వేసవి సెలవులు: పిల్లల్ని నీళ్లలో దించేముందు

బడులు మూయగానే హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ పిల్లలు మా కోనసీమలో దిగిపోతారు. అమ్మమ్మగారి ఊరు లేనివాళ్లు దిండిలో హౌస్‌బోటు ఎక్కుతారు. సందడి బాగానే ఉంటుంది గానీ, మా గోదారి నీళ్లు చూడ్డానికి చెరువులా నిమ్మళంగా ఉంటాయి. పెద్దవాళ్లు కూడా మోసపోయేది అక్కడే.

ముందు పోటు సంగతి తెలుసుకోండి. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. సముద్రం దగ్గరపడేకొద్దీ ఈ పాయల్లో నీళ్లు సముద్రం చెప్పినట్టు వింటాయి. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు 6 గంటలు. నిన్నటి వేళకే ఇవాళ రాదు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పున్నమికీ ఇంకా జోరు. పొద్దున్న మోకాలిలోతు నీళ్లలో నడిచి ఇసుక మేట మీదికి వెళ్లి పిల్లలు పిచ్చుక గూళ్లు కట్టుకుంటూ ఉంటారు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అదే దారి మీకు నడుములోతు, మీ ఆరేళ్ల పిల్లకి మునిగేలోతు. ఫోన్లో వేళలు చూసుకున్నా సరే, రేవులో పడవ నడిపే ఆయన్ని ఓమాటు అడగండి: "బాబాయ్, పోటెప్పుడొస్తాది?" ఆయన నీళ్లకేసి చూసి చెప్పేస్తాడు.

నది సముద్రంలో కలిసే మొగల దగ్గర మాత్రం పిల్లలకి స్నానాలు వద్దు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఫొటోలు బాగా వస్తాయి, తీసుకోండి. కానీ ఆటువేళ నది నీళ్లు సముద్రంలోకి లాక్కుపోతుంటే గజ ఈతగాడు కూడా ఎదురీదలేడు.

ఇంకోటి, ఇసుక గుంతలు. వేసవిలో నీళ్లు తగ్గి గోదారిలో మేటలు తేలతాయి. ఇసుక తవ్విన చోట గుంతలు పైకి కనబడవు. నాలుగేళ్ల కిందట మా మేనల్లుడు చీలమండలోతు నీళ్లలో పరిగెడుతూ ఒక్క అడుగు పక్కకి వేశాడు, అంతే, మనిషి కనబడలేదు. వెనకే ఉన్నాను కాబట్టి జుట్టు పట్టుకుని లాగాను. అరవలేదు, చప్పుడు కూడా కాలేదు. మునిగే పిల్లలు కేకలు వేస్తారనుకోవడం పొరపాటు. నీళ్లలో పిల్లలుంటే ఒక పెద్దమనిషి చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఆయన చేతిలో ఫోన్ ఉండకూడదు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి, అదీ పిల్లల సైజుది. తొడిగాక రెండు చేతులూ పైకెత్తమని, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేచిందా, అది ఆ పిల్లది కాదు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడి పిల్లలున్న పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ఆ ఊసు ఇక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. "ఐదు నిమిషాల ప్రయాణమేగా" అనేవాళ్ల పడవ ఎక్కకండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వైపు పంటు (బళ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే బల్లకట్టు) మీద దాటుతుంటే, కారు ఎక్కించేముందే పిల్లల్ని దింపేయండి. అద్దాలు బిగించుకుని ఏసీలో కూర్చుంటే, ఏదైనా జరిగినప్పుడు తలుపు తీయడం మీ తరం కాదు.

ఒడ్డు మీద జాగ్రత్తలు తక్కువే. కొబ్బరిచెట్టు కింద చాప వేసి పిల్లల్ని పడుకోబెట్టకండి, కాయే కాదు, ఎండుమట్ట పడినా దెబ్బే. సాయంత్రం తోటలోకి వెళ్తే బూట్లు, టార్చి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రం ఏవీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పొండి. పదకొండు దాటితే ఎండలో ఆటలు ఆపి బొండాలు తాగించండి.

ఆ ఎండవేళ పిల్లలకి నీళ్లు లేని వినోదం బోలెడుంది. ఆత్రేయపురంలో వేడి కుండ మీద గుడ్డ లాగి తీసే పూతరేకు చూస్తే నోరెళ్లబెడతారు (కుండ మాత్రం ముట్టుకోనీయకండి). బండారులంకలో మగ్గాలు, కడియంలో నర్సరీలు ఉన్నాయి. కాకినాడ వైపు వెళ్తే కోరింగ మడ అడవుల్లో చెక్కల దారి మీద నడవొచ్చు. దారి దిగితే బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన గాలివేళ్లు కాళ్లలో దిగుతాయి.

మా రేవు మెట్టు మీద ఎప్పుడూ మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా ఒకటి, దానికి కట్టిన పొడుగు తాడు ఉంటాయి. ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు, ముందు అది విసరమని ఇంటికొచ్చిన ప్రతి పిల్లాడికీ నేర్పిస్తాం. ఇప్పుడు విసరడంలో మా మేనల్లుడిదే గురి.