సైన్యమూ కావాలి, హీరో కూడా కావాలి: అలాంటి స్ట్రాటజీ గేమ్ వెతుక్కోవడం ఎలా?

ఫోన్లో వచ్చే ప్రకటనల్లో ఒక వీరుడు కత్తి పట్టుకుని ఉరుకుతుంటాడు, వెనక వందల బంట్లు చేరుతుంటారు. దింపుకుని చూస్తే లోపల సరుకు వేరే. బ్యారక్స్ లేవడానికి గంటలకొద్దీ ఆగు, ఆగలేకపోతే డబ్బు కట్టు. ప్రకటనలో చూపించిన లాంటి ఆటలు కంప్యూటర్లో నిజంగానే ఉన్నాయి, అదీ ముప్పై ఏళ్లకు పైగా. కాకపోతే అవి మన దగ్గరికి రావు, మనమే వెతుక్కోవాలి.

కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకు ఈ ఆటల లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. పాలెగాడికి ఏముండేది? చుట్టూ కొన్ని ఊళ్లు, ఒక కోట, కట్టుబడి బంట్లు, వీటన్నిటి మీదా తన పేరు. బంట్లు లేనిదే పేరు నిలవదు, పేరు లేనిదే బంట్లు రారు. ఇక్కడా అంతే. ఊళ్ల రాబడితో సైన్యం పెరుగుతుంది, గెలిచిన యుద్ధాలతో హీరో పెరుగుతాడు.

1. హీరో ఎక్కడ నిలబడాలో ముందు తేల్చుకోండి

ఇది తేల్చుకోకుండా 'టాప్ టెన్' జాబితాలు తిరగేస్తే తల తిరగడమే మిగులుతుంది.

వెనక నిలబడి నడిపించే హీరో ఒక రకం. దీనికి పెద్దన్న 1999లో వచ్చిన 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3'. ఇది వంతుల ఆట, అంటే మీరో ఎత్తు వేశాక ఎదుటివాడు తన ఎత్తు వేస్తాడు. యుద్ధంలో హీరో ఓ పక్కన గుర్రం మీద ఉండి మంత్రాలు వేస్తాడు, కొట్లాడేది సైన్యం. అయితే అతని దాడి బలం, రక్షణ బలం కింద ఉన్న ప్రతి బంటుకూ కలుస్తాయి. లెవెల్ పెరిగినప్పుడు రెండు నైపుణ్యాలు ముందుపెట్టి ఏదో ఒకటి తీసుకోమంటుంది. అలా మొత్తం ఎనిమిదే పడతాయి, కాబట్టి ఒక్కటి తప్పుగా తీసుకున్నా ఆ ఆటంతా మోయాలి. కోటలో కొత్త బంట్లు వారం మొదటి రోజే వస్తారు. ఏడో రోజులోగా వాళ్లకు నివాసం కట్టారా, మర్నాడే ఇంకో గుంపు చేతికొస్తుంది. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ వారం పంట పోయినట్టే. తాపీగా, ఎత్తు మీద ఎత్తు ఆలోచించే వాళ్లకు ఇది.

రెండో రకంలో హీరో ముందు వరసలో ఉంటాడు. 2002 నాటి 'వార్‌క్రాఫ్ట్ 3' చూడండి. ఇందులో వంతులు లేవు, ఆట ఆగకుండా నడుస్తుంటుంది. హీరో స్వయంగా కత్తి దూస్తాడు, పదో లెవెల్ దాకా ఎదుగుతాడు, సంచిలో ఆరు వస్తువులు మోస్తాడు. సైన్యం ఒక హద్దు దాటితే బంగారం రాబడిలో కోత పడుతుంది. అందుకే ఊరికే జనాన్ని పోగేసుకుంటూ పోతే నష్టం, హీరోని పెంచుకోవాలి. వేళ్లు చురుగ్గా ఉండాలి మరి. 2003లో వచ్చిన 'స్పెల్‌ఫోర్స్' కూడా ఈ కోవదే.

మూడో రకంలో హీరో మీరే. టర్కీ వాళ్లు చేసిన 'మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్' 2010లో వచ్చింది. పల్లె పల్లె తిరిగి కుర్రాళ్లను చేర్చుకోవాలి, వాళ్లకు యుద్ధం నేర్పాలి, వారం వారం జీతాలివ్వాలి, చివరికి గుర్రమెక్కి మీరే ముందు దూకాలి. బొమ్మలు పాతవే. అయినా ఈ మూడింట్లో నా ఓటు దీనికే. పల్లె నుంచి వెంట తెచ్చుకున్న రైతుబిడ్డ కొన్నాళ్లకు కవచం తొడిగి మీ పక్కన నిలబడితే ఆ తృప్తే వేరు.

2. సరైన మాటలతో వెతకండి

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఆర్మీ గేమ్స్ అని కొడితే తుపాకులు, ట్యాంకులే కుప్పలుగా వస్తాయి. మొదటి రకం కావాలంటే 'టర్న్-బేస్డ్ స్ట్రాటజీ' (వంతుల ఆట), 'స్ట్రాటజీ ఆర్‌పీజీ' (ఆర్‌పీజీ అంటే పాత్రను పెంచుకుంటూ ఆడే ఆట) అనే ట్యాగులు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, రెండూ కలిపి వడకట్టండి. 'టాక్టికల్ ఆర్‌పీజీ' అని కనిపిస్తే కాస్త ఆగి చూడండి. చాలాసార్లు అందులో అయిదారుగురి జట్టు తప్ప సైన్యం ఉండదు.

ఇంకో గుర్తు ఉంది. స్క్రీన్‌షాట్లలో బంటు బొమ్మ దగ్గర అంకె ఉంటే, ఆ ఒక్క బొమ్మే అంతమంది గుంపని అర్థం. మొదటి రకం కోరుకునే వాళ్లకు కావలసింది అదే. రివ్యూల్లో పొగడ్తలు వదిలేసి తిట్లు చదవండి. 'మరీ నెమ్మది' అని ఒకరు తిట్టిన ఆటే మీకు నచ్చవచ్చు.

3. మీ కంప్యూటర్‌కు తగ్గది చూడండి

'టోటల్ వార్: వార్‌హ్యామర్ 3' అనే ఆట చూడ్డానికి కన్నులపండువే, కానీ డిస్కులో వంద జీబీకి పైగా చోటు అడుగుతుంది, మంచి గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలి. రోజుకు ఒకటిన్నర జీబీ మొబైల్ డేటాతో దాన్ని దింపాలనుకుంటే రెండు నెలలు దాటుతుంది. పైన చెప్పిన పాత ఆటల్లో చాలావాటికి ఈ బాధ లేదు, కాలేజీ ల్యాప్‌టాప్ చాలు.

4. ముందు ఉచితంగా దొరికేది ఆడి చూడండి

'ది బ్యాటిల్ ఫర్ వెస్నాత్' పూర్తిగా ఉచితం. 2003 నుంచి ఔత్సాహికులే కలిసి చేసుకుంటున్న ఓపెన్ సోర్స్ ఆట ఇది, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. నాయకుడు కోటలో ఉంటేనే బంట్లను చేర్చుకోగలడు, కోట వదిలి ముందుకెళ్తే ఆ వీలుండదు. అతను పోతే సాధారణంగా ఆటే పోతుంది.

దీని అసలు రుచి లెక్కలో ఉంది. కొత్త ఈటెగాడికి 14 బంగారు నాణేలు. గెలిచిన పోరాటం నుంచి బతికి బయటపడ్డవాణ్ని తరువాతి అంకంలో వెనక్కి పిలిస్తే మామూలుగా 20. ఆరు నాణేలే తేడా, కానీ వాడు ఈసరికే కత్తివీరుడిగా ఎదిగి ఉండవచ్చు. అలాగని అందరినీ పాతవాళ్లనే పిలిస్తే మేపడం భారమవుతుంది, ఎందుకంటే లెవెల్ పెరిగేకొద్దీ బంటు ఖర్చూ పెరుగుతుంది. దాన్ని తట్టుకోవాలంటే పల్లెలు మీ చేతిలో ఉండాలి. చీకటి పడితే మీ మనుషులకు బలం తగ్గి, శత్రువుల్లోని ఎముకల గూళ్లకు పెరుగుతుంది, కాబట్టి రాత్రిపూట వెనక్కి తగ్గడమూ ఎత్తే. ప్రతి వంతుకూ ఆట దానంతటదే సేవ్ అవుతుంది. అనంతపురం ఎండాకాలంలో మధ్యలో కరెంటు పోయినా కంగారు లేదు.

కొన్ని రోజులు ఇది ఆడితే మీ సంగతి మీకే తెలిసిపోతుంది. వంతుల ఆట విసుగనిపిస్తే రెండో రకానికో మూడో రకానికో వెళ్లండి.

5. ఆ తరువాతే కొనండి

స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టవచ్చు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆట తెరిచి పెట్టి భోజనానికి వెళ్లినా ఆ సమయం లెక్కలోకి వస్తుంది, గుర్తుంచుకోండి.

'హీరోస్ 3' కొనేటప్పుడు మాత్రం పేరు పూర్తిగా చదవండి. 2015లో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్‌లో రెండు అదనపు భాగాలూ లేవు. అవి కలిసి వచ్చే కంప్లీట్ ఎడిషన్ జీఓజీ అనే ఇంకో ఆన్‌లైన్ దుకాణంలో దొరుకుతుంది. 'హార్న్ ఆఫ్ ది అబిస్' అనే మోడ్ (అభిమానులు ఆటకు చేసిన అదనపు చేర్పు) వేసుకోవాలన్నా హెచ్‌డీ ఎడిషన్ పనికిరాదు. ధర ఎక్కువనిపిస్తే విష్‌లిస్టులో (కొనాలనుకున్న వాటి జాబితాలో) పెట్టి వదిలేయండి, తగ్గింపు వచ్చిన రోజు మీ మెయిల్‌కు కబురు వస్తుంది.