పాత జపాన్ పోస్టుకార్డు ఏ కాలానిదో చిరునామా వైపే చెబుతుంది

పాత జపాన్ బొమ్మ పోస్టుకార్డు చేతికి వస్తే, ఫ్యూజీ పర్వతాన్ని చూసి మురిసిపోయే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చిరునామా వైపు చూడండి. అక్కడ అడ్డగీత ఏదీ లేకపోతే, ప్రైవేటు కార్డులకు అనుమతి దొరికిన 1900కూ 1907కూ మధ్య అచ్చయినదిగా, మూడో వంతు దగ్గర గీత ఉంటే 1907-1918 నాటిదిగా, సరిగ్గా సగంలో ఉంటే 1918 తరువాతిదిగా భావించవచ్చు.

ఆపైన భూతద్దం తీయాలి. 'యూబిన్ హగాకి' (జపనీస్‌లో 'పోస్టుకార్డు') అన్న శీర్షికలో 'క' అక్షరం పక్కన రెండు చిన్న గీతలు చేరి అది 'గ' అయిందంటే కార్డు 1933 తరువాతిది. ఆ శీర్షిక ఎడమ నుంచి కుడికి సాగితే సాధారణంగా యుద్ధానంతర కాలానిది.

తపాలా ముద్రలో సంవత్సరం, నెల, తేదీ అదే వరుసలో ఉంటాయి. కొత్తవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే. ఆ సంవత్సరం చక్రవర్తి పాలనా సంవత్సరం కనుక మనం వాడే సంవత్సరం తెలియాలంటే మెయిజీ చక్రవర్తి కాలానికి 1867, తైషో కాలానికి 1911, షోవా కాలానికి 1925 కలపాలి. ముద్రలో 10 అని ఉంటే అది 1921 కావచ్చు, 1935 కావచ్చు. ఆ రెండు చిన్న గీతలు కనిపిస్తే మాత్రం 1935 అనే తేల్చవచ్చు.