కొత్త ఓటర్లను చేర్పించే ఆన్‌లైన్ ప్రచారం ఎలా నడపాలి?

ఏటా జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవం రోజు, నా ఫోన్ నిండా సిరా చుక్క పెట్టిన వేలి బొమ్మలే. ఒక్కోదానికి రెండు మూడొందల లైకులు. లైక్ కొట్టినవాళ్లలో కొత్త ఓటుకు పెట్టే దరఖాస్తు, ఫారం 6, ఎంతమంది నింపారని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. మా ఊరి డిగ్రీ పిల్లలతో ఈ పని నాలుగేళ్లుగా చేస్తున్నాను, అందుకే ఈ విసుగు.

1. సరంజామా. ఒక ఫోన్, ఒక నోటుపుస్తకం, ఫారం నింపడం తెలిసిన ఇద్దరు. పోస్టర్లు నలుపు తెలుపుల్లోనే చేయాలి. పసుపు, గులాబీ, నీలం, కాషాయం... మన దగ్గర ఏ రంగు వేసినా ‘మీరు ఫలానా పార్టీయా?’ అని మొదలవుతుంది.

2. తేదీ. 18 నిండాయా లేదా అని చూడటానికి ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. 17 దాటినవాళ్లు ముందుగానే అప్లై చేసుకోవచ్చు. కాబట్టి ఇంటర్ సెకండియర్ వాళ్లను వదలకండి.

3. వీడియో. ఎన్నికల సంఘం యాప్‌లో ఫారం నింపుతూ ఫోన్ తెరను రికార్డు చేయండి. వివరాలు కనపడకుండా కప్పేయండి. నలభై సెకన్లు చాలు, సంగీతం వద్దు. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ స్టేటస్‌లోనే పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్ హ్యాష్‌ట్యాగులతో ఊరూపేరూ తెలియనివాళ్లు చూస్తారు. స్టేటస్ చూసేది మన నంబరు ఉన్నవాళ్లు, మర్నాడు బస్టాండులో ఎదురుపడేవాళ్లు. సిగ్గుకైనా నింపుతారు.

4. చిరునామా. అన్ని ప్రచారాలూ బోల్తా పడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

హాస్టల్లో ఉండే పిల్లలకు సొంతూరు, చదివే ఊరు రెండూ కుదురుతాయి. ఏదో ఒకటే ఎంచుకోవాలి. హాస్టల్ అయితే ప్రిన్సిపాల్ లాంటివాళ్ల సంతకంతో ధ్రువీకరణ కావాలి. సొంతూళ్లో ఇప్పటికే ఓటు ఉంటే మళ్లీ ఫారం 6 నింపకూడదు. మార్పుకు ఉన్నది ఫారం 8. రెండు చోట్ల పేరుండటం చట్టవిరుద్ధం. తెలిసీ తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు, జరిమానా ఉన్నాయి. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘నీకు ఓటుందా?’ కాదు, ‘ఎక్కడైనా, ఎప్పుడైనా నమోదు చేయించారా?’ అని. ఇంట్లోవాళ్లు చేయించిన సంగతి చాలామందికి తెలియదు.

సొంతూరు ఎంచుకున్నవాళ్లకు ఇంకో గండం ఉంది. బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్వో, విచారణకు ఇంటికి వస్తారు. ఒకసారి ఓ అబ్బాయి అన్నీ సరిగ్గా నింపాడు. బీఎల్వో వెళ్లేసరికి వాళ్లమ్మ వాకిలి ఊడుస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది: ‘మావాడు ఇక్కడ లేడండీ, హైదరాబాదులో ఉంటాడు.’ ఆమె తప్పేముంది? దరఖాస్తు మాత్రం కొట్టేశారు. అప్పటినుంచి ఫారం పంపగానే అక్కడే, మా ముందే, ఇంటికి ఫోన్ చేయిస్తున్నాం. ‘చదువుకోసం వెళ్లాడు, ఇల్లు ఇదే, సెలవులకు వస్తాడు’ అని ఇంట్లోవాళ్లు చెప్పాలి. అది నిజమైతేనే సుమా. నాలుగేళ్లుగా ఊరి మొహం చూడనివాడు ఉండే చోటే నమోదు చేసుకోవాలి.

పేరు సంగతి కూడా ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. జత చేసే కాగితంలో ఎలా ఉంటే ఫారంలోనూ అలాగే రాయించండి.

ఆధార్ ఫొటోలు గ్రూపులో పెట్టించకండి. ఎవరి ఓటీపీ వాళ్లే కొట్టుకోవాలి, మీరు అడగొద్దు.

5. లెక్క. లైకులు, వ్యూలు రాయకండి. ఫారం వెళ్లాక వచ్చే రిఫరెన్స్ నంబరు ఎవరెవరికి వచ్చిందో మాత్రమే పుస్తకంలో టిక్కు పెట్టండి. నంబరు వాళ్ల ఫోన్లోనే ఉండనివ్వండి. నెల తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జాబితాలో పేరు చూసుకోమనండి. ఎన్నికలొస్తే నామినేషన్ల గడువు ముగిశాక కొత్త పేర్లు చేర్చరు. పోయినసారి మా పుస్తకంలో అరవై రెండు టిక్కులు పడ్డాయి, జాబితాలో పేరు పడింది నలభై తొమ్మిది మందిది. మిగతా పదమూడు మందికి ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాం.