ఎండను ఒంటితో కాదు, నీడతో కొలవండి

వేడి వేరు, యూవీ వేరు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంటికి చురుక్కుమని తగిలేది వేడి. చర్మాన్ని కమిలించేవీ, మంగు ముదిరేలా చేసేవీ, ముడతలు తెచ్చేవీ, ఏళ్లు గడిచాక క్యాన్సర్‌కు దారితీసేవీ అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ. అవి కంటికి కనపడవు, పడుతున్నప్పుడు ఒంటికి తెలియవు. కొండ మీద గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ లేదనుకుంటాం. కానీ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది.

నేను భూముల సర్వే చేస్తాను. ట్రైపాడ్ నిలబెట్టాక నీడలోకి జరుగుదామంటే కుదరదు, కొలత ఎక్కడుంటే అక్కడే నిలబడాలి. అందుకే ఎండ ఎంతుందో కొలిచే అలవాటు పనిలోంచే వచ్చింది. ప్రిజం పోల్‌ను, అంటే సర్వేలో వాడే పొడవు మార్చగల కడ్డీని, రెండు మీటర్లకు లాగి, దాని మట్టం బుడగ మధ్యలోకి వచ్చేలా నిటారుగా నిలబెట్టి, నేల మీద పడే నీడను టేపుతో చూస్తాను. నీడ కూడా సరిగ్గా రెండు మీటర్లుంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. నీడ అంతకంటే పొడుగ్గా ఉన్నంతసేపూ కిరణాలు ఏటవాలుగా, ఎక్కువ ఓజోన్‌ను దాటుకుని వస్తాయి. యూవీలో చర్మాన్ని ముఖ్యంగా కమిలించే రకం యూవీబీ, అందులో చాలా భాగం దారిలోనే ఆగిపోతుంది. నీడ ఒక్క మీటరుకు వచ్చిందంటే సూర్యుడు 63 డిగ్రీలు దాటాడు, ఆ వడపోత బాగా పల్చబడిందన్నమాట.

మీకు పోలూ టేపూ అక్కర్లేదు. మీ నీడ చాలు. అది మీకంటే పొట్టిగా ఉందంటే ఒళ్లు కప్పుకోవాల్సిన వేళ. పొడుగ్గా ఉన్నప్పుడు ప్రమాదం బాగా తక్కువ, అలాగని సున్నా కాదు. అంకె కావాలనుకునేవాళ్లు ఫోన్‌లో వాతావరణం చూసేచోట యూవీ ఇండెక్స్ చూడండి. 3 నుంచి రక్షణ మొదలుపెట్టాలి. 8 దాటితే మధ్యాహ్నం బయటి పని వాయిదా వేయడం మంచిది, 11 ఆపైన తీవ్రాతితీవ్రం. చాలాచోట్ల చూపించేది ఆ రోజు గరిష్ఠం మాత్రమే. ఉదయం ఎనిమిదికి దాన్ని చూసి భయపడొద్దు, సాయంత్రం ఆరింటికి దాన్ని చూసి గొడుగు తీయనూ వద్దు.

మబ్బును మాత్రం నమ్మకండి. పల్చటి మబ్బులోంచి యూవీలో 80 శాతం పైగా కూడా దిగొచ్చు. కింది నుంచి కొట్టేది ఇంకో లెక్క: కొత్త మంచు 80 శాతం దాకా వెనక్కి విసురుతుంది, పొడి ఇసుక 15 శాతం వరకూ. ఇక నీడ సంగతి. చిన్న గొడుగు కింద నిలబడ్డా ఆకాశం నలువైపులా కనిపిస్తోందంటే, ఆ ఆకాశంలో చెదిరిన యూవీ మీ మీద పడుతూనే ఉంటుంది. తలెత్తి చూడండి. ఆకాశం ఎంత తక్కువ కనిపిస్తే నీడ అంత గట్టిది.

అందరూ మొదట సన్‌స్క్రీన్ గురించే అడుగుతారు. నేను మాత్రం మొదటి స్థానం బట్టలకే ఇస్తాను, ఎందుకంటే చొక్కా చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ వేసుకోనక్కర్లేదు. కొనేముందు గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతల మీ వేళ్లు కనిపిస్తే యూవీ కూడా వస్తుంది. నేత దట్టంగా ఉండాలి, రంగు ముదురుదైతే మేలు, ఒంటికి సాగిపోకుండా వదులుగా ఉండాలి. పల్చటి తెల్ల నూలు టీషర్టు అంతంతమాత్రమే కాస్తుంది, తడిస్తే అదీ తగ్గుతుంది. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న బట్ట యూవీలో యాభయ్యో వంతునే లోపలికి రానిస్తుంది. ముందువైపు మాత్రమే అంచున్న టోపీ చెవులనూ మెడ వెనకనూ గాలికొదిలేస్తుంది. చుట్టూ ఏడెనిమిది సెంటీమీటర్ల అంచున్నది తీసుకోండి. మా కొలత పరికరం టోటల్ స్టేషన్‌లోకి వంగి చూసేవాడికి మెడ వెనకే మొదట మాడుతుంది, ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

బట్ట కప్పని చోటికే సన్‌స్క్రీన్. డబ్బా మీద రెండు చూడాలి. ఎస్‌పీఎఫ్ ముఖ్యంగా యూవీబీని ఎంత ఆపుతుందో చెబుతుంది: 30 అయితే దాదాపు 97 శాతం, 50 అయితే 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం తగాదా అనవసరం. 30కి తగ్గకుండా ఏదైనా సరే. రెండోది యూవీఏ. భూమికి చేరే యూవీలో 95 శాతం దాకా ఇదే. ఇది చర్మంలో లోతుకు దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది, మచ్చలు ముదిరేలా చేస్తుంది. అందుకని 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అనో, పీఏ పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులో, గుండ్రటి గీత లోపల యూవీఏ అక్షరాలో ఉన్నాయేమో చూడండి. మంగు ఉన్నవాళ్లకు రంగు కలిపిన సన్‌స్క్రీన్ ఇంకా మంచిది. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతుంది, మంగుకు ఆ వెలుతురూ పడదు.

అయితే డబ్బా మీది అంకె నిజం కావాలంటే పూత మందంగా ఉండాలి. పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలుస్తారు. మనలో చాలామంది అందులో సగం కూడా రాయం, కాబట్టి 50 కొన్నా చర్మానికి అందేది అంతకంటే చాలా తక్కువ. ముఖానికీ మెడకూ కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండుకుని, ఆ మొత్తం పట్టించండి. చెవులు, మెడ వెనక, పాపిడి, పెదాలు, చెప్పుల పట్టీల మధ్య పాదాలు ఎక్కువగా తప్పిపోయే చోట్లు. బయటికి వెళ్లే పదిహేను ఇరవై నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమట తుడుచుకున్నారా, సగం రుమాలుకే పోయింది, వెంటనే రాయండి. మా ప్రిజం పట్టుకునే కుర్రాడికి ఇది గుర్తుండదు. అందుకే పరికరం ఒక కొలత చోటు నుంచి ఇంకో చోటికి మార్చినప్పుడల్లా రాసుకోవాలని పెట్టాను. మీ పనిలోనూ అలా తరచూ వచ్చే మలుపు ఏదో ఒకటి ఉంటుంది, దానికి ముడిపెట్టండి. ట్యూబును ఎండలో ఆపిన బండిలో వదిలేస్తే అందులోని మందు పాడవుతుంది. ఆరు నెలల లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ కాదు, నీడా బట్టా.

"నల్లటి ఒంటికి ఇవన్నీ ఎందుకు?" అని అడుగుతారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాస్తుంది, నిజమే. తొందరగా కమలరు, చర్మ క్యాన్సరూ అరుదు. కానీ మంగు, నల్లమచ్చలు వాళ్లకే ఎక్కువ, కళ్లకు వచ్చే నష్టానికి ఒంటి రంగుతో పనే లేదు. కంటి శుక్లాలకు యూవీ ఒక కారణం. అద్దాలు కొనేటప్పుడు ఎంత నల్లగా ఉన్నాయని కాదు, యూవీ 400 అని ఉందా అని చూడండి. రక్షణ లేని నల్లద్దం వెనక కనుపాప విచ్చుకుని ఇంకాస్త యూవీని లోపలికి రానిచ్చే ప్రమాదం ఉంది.

కిటికీ అద్దం యూవీబీని దాదాపుగా ఆపుతుంది, యూవీఏను చాలావరకు వదిలేస్తుంది. కిటికీ పక్కనే కూర్చుని పనిచేసేవాళ్లూ, గంటలకొద్దీ బండి నడిపేవాళ్లూ అటువైపు చెంపను మరచిపోవద్దు. విటమిన్ డి కోసమని అద్దం వెనక కూర్చోవడం కూడా దండగే, ఆ పని చేసేది యూవీబీ.

ఇంత చేసినా కమిలితే ఎర్రదనం కొన్ని గంటల తర్వాత మొదలై, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య ముదురుతుంది. కాబట్టి సాయంత్రానికి కొద్దిగానే ఉంది కదా అని మర్నాడు మళ్లీ ఎండలోకి వెళ్లకండి. చల్లటి నీళ్లు పోసుకోండి, ఐసు పెట్టొద్దు. మామూలు మాయిశ్చరైజర్ రాయండి, నీళ్లు బాగా తాగండి, బొబ్బలు చిదపకండి. జ్వరం, వాంతులు వచ్చినా, ఒళ్లంతా బొబ్బలు లేచినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. డాక్సీసైక్లిన్‌లాంటి కొన్ని మందులు వాడేవాళ్లు మామూలుకంటే త్వరగా కమిలిపోతారు, మందు రాయించుకునేటప్పుడే అడగండి.

నెలకోసారి ఒళ్లంతా చూసుకోండి, వీపుకు ఇంట్లోవాళ్ల సాయం తీసుకోండి. అరచేతులు, అరికాళ్లు, గోళ్ల కింద కూడా చూడాలి. ముదురు రంగువాళ్లలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది అక్కడే, అక్కడ దానికి ఎండతో పెద్దగా సంబంధం ఉండదు. అనుమానం ఉన్న పుట్టుమచ్చ పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి, కింద తేదీ రాసుకోండి. అది ఒకవైపు ఒకలా ఇంకోవైపు ఇంకోలా ఉన్నా, అంచులు చెదిరినా, ఒకేచోట రెండు మూడు రంగులు కనిపించినా, 6 మిల్లీమీటర్లు దాటినా, రక్తం వచ్చినా, ముఖ్యంగా పాత ఫొటోకూ ఇప్పటికీ తేడా వచ్చినా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ పాత ఫొటోలన్నీ ఫోన్‌లో వరసగా పెట్టుకుని తీసుకెళ్లండి.