ఫిలడెల్ఫియాలో పీల్ కోసం ఒక రోజు

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఇక్కడ అందరూ ముందు లిబర్టీ బెల్ దగ్గరికే తీసుకెళ్తారు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారు కాబట్టి నేను ఆయన్ను చార్లెస్ విల్సన్ పీల్ వెంట తిప్పాను. గుర్రపు జీనులు కుట్టే పని నేర్చి, చిత్రకారుడై, 1780లలో సొంత ఇంట్లోనే మ్యూజియం తెరిచిన మనిషి. పిల్లలకు రెంబ్రాంట్, రాఫెల్, టిషియన్, రూబెన్స్ అని యూరప్ మహా చిత్రకారుల పేర్లు పెట్టాడంటే ఎంత పిచ్చో చూడండి.

పొద్దున్నే ఆర్ట్ మ్యూజియానికి వెళ్లండి. 1795లో వేసిన నిలువెత్తు బొమ్మలో ఇద్దరు కొడుకులు మెట్లెక్కుతూ మనవైపు చూస్తుంటారు. చుట్టూ నిజం తలుపు చట్రం, అడుగున నిజం చెక్క మెట్టు ఒకటి. ముందు దూరంగా నిలబడి, తర్వాత దగ్గరికి నడవండి. నాన్నగారు వంగి, "చెక్క ఎక్కడ ఆగిందమ్మా?" అని వెతుకుతుంటే కాపలా మనిషి రెండుసార్లు దగ్గాడు. అధ్యక్షుడు వాషింగ్టన్ నిజం మనుషులనుకుని ఈ బొమ్మలకు తలవంచాడని పీల్ కొడుకు రెంబ్రాంట్ చెప్పేవాడు. కొడుకు మాట కదా, కాస్త తగ్గించి నమ్మండి.

తర్వాత బ్రాడ్ వీధిలోని పెన్సిల్వేనియా కళా అకాడమీ. ఏ గదులు తెరిచారో ముందు రోజే కనుక్కోండి. 1822లో, ఎనభై ఒక్కేళ్ల వయసులో పీల్ తన మ్యూజియంలో నిలబడినట్టు వేసుకున్న స్వీయచిత్రం వాళ్లదే. ముఖం తర్వాత చూడవచ్చు, ముందు నేల చూడండి: ఎడమ పక్క పనిముట్ల పెట్టె మీద వాలిన చచ్చిన టర్కీ కోడి, కుడి పక్క మాస్టొడాన్ (ఏనుగు లాంటి, ఇప్పుడు లేని జంతువు) దవడ. ఎత్తిన ఎర్ర తెర వెనక అరల నిండా పక్షులు, వాటిపైన మనుషుల చిత్రాలు. 1801లో న్యూయార్క్ రాష్ట్రంలో నీటి గుంట తోడించి తవ్వించిన ఆ మాస్టొడాన్ కోసం ఊళ్లో వెతకకండి, అది జర్మనీలోని డార్మ్‌స్టాట్ చేరింది.

1802 నుంచి మ్యూజియం ఇండిపెండెన్స్ హాలు పై అంతస్తులో నడిచింది. పీల్ ఇంట్లో బానిసగా పెరిగిన మోజెస్ విలియమ్స్ అక్కడే వేలమంది ముఖాల నీడచిత్రాలు కత్తిరించాడు. వాటి మీద ముద్ర మాత్రం మ్యూజియందే. ఈ ముక్క దాటేసి పీల్‌ను పొగడకండి.

చివరగా చెస్ట్‌నట్ వీధిలో సెకండ్ బ్యాంకు భవనం. పీల్ మ్యూజియం మనుషుల చిత్రాలను 1854లో వేలం వేస్తే నగరం కొన్నవాటిలో చాలా వరకు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. నాన్నగారు వరసంతా నడిచి వచ్చి తేల్చారు: "కళ్లు ఎవరివి వాళ్లవే. తల మాత్రం అందరికీ ఒకే కోడిగుడ్డు."