ఎప్‌కాట్‌లో పెరటి వైపు దారులు

పిల్లల సెలవులకు ఆర్లాండో ప్రయాణం పెట్టుకునే తెలుగు కుటుంబాలలో చాలావాటి వెంట, ఆరు నెలలు ఉండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో ఉంటారు. రోలర్ కోస్టర్లు ఎక్కని ఆ పెద్దవాళ్ళకూ, పెద్ద చప్పుళ్ళకు బెదిరే చంటిపిల్లలకూ డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కులలో నేను ముందుగా చెప్పేది ఎప్‌కాట్. జనానికి అక్కడా కొదవ లేదు కానీ, ఆ జనప్రవాహానికి కొద్ది అడుగుల దూరంలోనే మనుషుల అలికిడి తగ్గిపోయే చోట్లు చాలా ఉన్నాయి. అవి మ్యాప్‌లో ఉంటాయి గాని, ప్రశాంతమైనవని మ్యాప్ చెప్పదు.

నాకూ మొదటిసారి తెలియలేదు. అక్కడ ఒక చెరువు చుట్టూ ఒక్కొక్క దేశం పేరుతో కట్టిన ఆవరణలున్నాయి. జూన్ నెల మిట్టమధ్యాహ్నం, ఏ దేశాన్నీ వదలకుండా చూపించాలన్న పట్టుదలతో అమ్మను చెరువు చుట్టూ నడిపించుకుంటూ వెళ్ళాను. మెక్సికో, నార్వే, చైనా దాటి జర్మనీ దగ్గరకు వచ్చేసరికి ఆవిడ ఒక పూలతొట్టి అంచు మీద కూలబడి, "దేశాలన్నీ తర్వాత చూద్దాంగానీ, ముందు ఒక చెట్టూ ఒక అరుగూ ఎక్కడున్నాయో చూడరా" అంది. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ నేను వెతికింది ఆ రెండే.

1982 అక్టోబరు 1న తెరిచిన ఈ పార్కులో రెండు భాగాలున్నాయి. ముందు గేటు వైపు పెద్ద వెండి గోళమూ, దాని వెనుక రైడ్లున్న భవనాలూ ఉంటాయి. వెనుక భాగంలో ఒక చెరువు, దాని చుట్టూ 11 దేశాల పెవిలియన్లు ఉంటాయి. గేటు నుంచి వచ్చి చెరువుకు ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు మెక్సికోతో మొదలై నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడాల వరుస కుడి చేతి వైపు ముగుస్తుంది. ఈ చుట్టు దాదాపు 2 కిలోమీటర్లు. జనం గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు చెరువు గట్టునే పట్టుకుని తిరుగుతారు. తినుబండారాల బండ్లు, పండుగ రోజుల స్టాళ్ళు, పానీయాల కోసం కట్టిన క్యూలు అన్నీ ఆ గట్టు మీదే ఉంటాయి. ప్రతి దేశాన్నీ మన పాతకాలపు ఇంటిలా ఊహించుకోండి. చెరువు వైపున్నది వీధి అరుగు, దాని వెనుక లోగిలి, ఆ వెనుక పెరడు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అరుగు దగ్గరే ఫోటో తీసుకుని పక్క ఇంటికి వెళ్ళిపోతారు. మనం చేయవలసిందల్లా చెరువుకు వీపు పెట్టి, కనీసం ఒక మలుపు తిరిగేదాకా లోపలికి నడవడం.

ఇక వేళ సంగతి. దేశాల వైపు సాధారణంగా ఉదయం 11 గంటలకు తెరుస్తారు. ఆ వేళకు ముందు గేటు నుంచి వచ్చిన జనం రెండు పాయలుగా చీలి, ఒక పాయ మెక్సికో వైపు, ఇంకొకటి కెనడా వైపు మొదలవుతుంది; ఫ్రాన్స్‌కు, బ్రిటన్‌కు మధ్య ఉన్న వెనుక గేటు నుంచి హోటళ్ళ జనం మరికొంత వచ్చి చేరుతుంది. ఈ పాయలన్నీ చెరువుకు అవతలి ఒడ్డున ఉన్న ఇటలీ, అమెరికా, జపాన్‌ల దాకా చేరడానికి బాగా సమయం పడుతుంది. అందువల్ల తెరిచిన వెంటనే ఎక్కడా ఆగకుండా నేరుగా అవతలి ఒడ్డుకు వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కు చూసుకుంటూ రావడం మంచిది. మోకాళ్ళ నొప్పులున్నవారు అంత దూరం నడవనక్కరలేదు. చెరువు ఇవతలి ఒడ్డు నుంచి జర్మనీకి, మొరాకోకు పడవలు నడుస్తాయి, వాటికి వేరే టికెట్టు అవసరం లేదు. మొరాకో రేవులో దిగితే జపాన్ పక్కనే ఉంటుంది.

నా లెక్కలో అన్నిటికన్నా మంచి పెరడు జపాన్‌దే. ఒడ్డున నీటిలో నిలిచిన ఎర్రని తోరణం దగ్గరా, నారాలోని హోర్యూజీ ఆలయ గోపురం నమూనాలో కట్టిన అయిదంతస్తుల పగోడా దగ్గరా ఎప్పుడూ ఫోటోల సందడి ఉంటుంది. తైకో డప్పుల వాయిద్యం కూడా పగోడా దగ్గరే జరుగుతుంది కనుక, దాని వేళలు యాప్‌లో చూసుకుని ఆ సమయం తప్పించాలి. పగోడా దాటి వెనుక గుట్ట మీది తోటలోకి మలుపులు తిరుగుతూ పైకి వెళ్ళే బాట ఉంది. కొన్ని అడుగులు ఎక్కేసరికి కింది మాటలు మెల్లగా తగ్గి, రాళ్ళ మీద నుంచి జారే నీటి చప్పుడు పైకి తేలుతుంది. చిన్న వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, ఎరుపు, తెలుపు మచ్చల కోయి చేపలు మన నీడ పడగానే మేత వేస్తామనుకుని నోళ్ళు తెరుచుకుని గుంపుగా వచ్చేస్తాయి. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు ఆ చేపల దగ్గర ముప్పావు గంట నిలబడింది, ఆ రోజు ఆవిడకు మిగతా దేశాలేవీ పెద్దగా గుర్తు లేవు. ఇక్కడి నుంచి కిందికి దిగి పెవిలియన్ చివరి దాకా నడిస్తే కందకంతో ఒక కోట ఉంటుంది. గుమ్మం దాటగానే ఒక చిన్న ప్రదర్శనశాల కనిపిస్తుంది. ఏసీ ఉంటుంది, వెలుగు తక్కువ, మాటలూ తక్కువ. పక్కనున్న దుకాణంలో ఊపిరి సలపనంత రద్దీ ఉన్నప్పుడు కూడా ఈ గదిలో పదిమంది కనిపించడం అరుదు.

మొరాకో ఇంకో రకం. 1984లో తెరిచిన ఈ పెవిలియన్ కోసం ఆ దేశపు రాజు రెండవ హసన్ తమ పనివారిని పంపించి, పలకలను చేతితో చెక్కించి అతికించారు. చెరువు వైపు నుంచి చూస్తే విశాలమైన ముంగిలి కనిపిస్తుంది గాని, ఫెజ్ నగరపు ద్వారానికి నకలుగా కట్టిన కమాను దాటి లోపలికి వెళ్ళాకనే అసలు ఊరు మొదలవుతుంది. సందులు ఇరుకుగా ఉంటాయి, సూటిగా సాగక వెంటవెంటనే తిరుగుతాయి. ప్రతి మలుపుకూ వెనుక చప్పుడు సగం ఆగిపోతుంది. ఆ సందులలో ఫెజ్ హౌస్ అనే పేరుతో ఒక మండువా ఇల్లు ఉంది. మన వైపు మండువా లోగిళ్ళు చూసినవారికి దాని అమరిక పరిచయమైనదే: నడుమ ఆకాశం, చుట్టూ స్తంభాల వసారా, మధ్యలో చిన్న నీటి ఊట. నడిమి వేళ వసారా నీడలో కూర్చుని గోడ పలకలను దగ్గర నుంచి చూడండి. ఒక్కొక్క నక్షత్రమూ గోరంత ముక్కలను వేరువేరుగా కోసి కూర్చినది. దాదాపు అందరూ ఈ గుమ్మం ముందు నుంచే నడిచిపోతారు, ఇది దుకాణమేమోననుకుని.

ఎండ ముదిరాక చెట్టు నీడ చాలదు, చల్లని గదిలో కుర్చీ కావాలి. ఇక్కడ ఒక విషయం ముందే తెలిసి ఉండడం అవసరం. చైనా, కెనడా పెవిలియన్లలో తెర చుట్టూరా తిరిగి ఉండే సినిమాలు వేస్తారు. అవి నిలబడి, కమ్మీలకు ఆనుకుని చూడవలసినవి. కాళ్ళు లాగుతున్న పెద్దవారిని విశ్రాంతి కోసమని అక్కడికి తీసుకువెళ్తే తిట్లు తినవలసి వస్తుంది. అమెరికా పెవిలియన్‌లో మాత్రం పెద్ద థియేటరు ఉంది, మెత్తని సీట్లున్నాయి, బెంజమిన్ ఫ్రాంక్లిన్, మార్క్ ట్వైన్ బొమ్మలు మాట్లాడుతూ నడిపే ప్రదర్శన అరగంట సాగుతుంది. నాటకం ఇంగ్లీషులోనే కనుక పెద్దవాళ్ళలో చాలామంది పది నిమిషాలకే కునుకు తీస్తారు, అదీ మంచిదే. ప్రదర్శనకు ముందు హాలులో గుమ్మటం కింద వాద్యాలు లేకుండా గొంతులతో మాత్రమే పాడే బృందం పాటలుంటాయి. అది విని లోపలికి వెళ్తే ముప్పావు గంట చల్లగా గడిచిపోతుంది. ఫ్రాన్స్‌లో కూడా కూర్చుని చూసే థియేటరు ఉంది. అక్కడ ఒకే తెర మీద ఫ్రాన్స్ దేశపు దృశ్యాల పాత చిత్రమూ, పిల్లల పాటల చిత్రమూ వంతులవారీగా వేస్తారు కనుక, ఏ వేళకు ఏది ఉందో చూసుకోవాలి; రెండోది ప్రశాంతత కోరేవారికి పనికిరాదు.

భోజనం దగ్గర మనవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. వేడి చేయనవసరం లేని ఇంటి వంటను సొంతానికి లోపలికి తెచ్చుకోనిస్తారు. గాజు సీసాలు, మడత కుర్చీలు మాత్రం తేకూడదు. కాబట్టి పులిహోర డబ్బా నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, ఆవకాయను గాజు సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి తేవాలి. తినడానికి నేను చూపించేది బ్రిటన్ పెరడు. దుకాణాల మధ్య నుంచి వెనక్కు వెళ్తే పచ్చిక, కత్తిరించిన పొదల కంచెలు, ఒక చిన్న మంటపం ఉంటాయి. ఆ మంటపంలో కొన్ని వేళల్లో బ్యాండు వాయిస్తారు; రెండు కచేరీల మధ్యనున్న విరామమే మన భోజన సమయం.

మిగతా దేశాలలో విశేషాలు తక్కువ. నార్వేలో మంచు రాణి రైడు కోసం జనం బారులు తీరి ఉంటారు, వాళ్ళకు పక్కనే ఉన్న చిన్న కొయ్య చర్చిలో నలుగురు కూడా ఉండరు. కెనడాలో గట్టు వెంబడి ఉన్న పూలతోట నుంచి లోపలికి దిగితే జలపాతం తగులుతుంది. ఆ హోరు మనుషుల మాటలను మింగేస్తుంది కనుక, అదీ ఒక రకం నిశ్శబ్దమే అంటాను. మెక్సికో పిరమిడ్ లోపల ఎప్పుడూ రాత్రివేళలా ఉండి కళ్ళకు హాయిగా ఉంటుంది గాని, నడుమనున్న సంత చెవులకు హాయి కాదు. జర్మనీ, ఇటలీలలో నాకు చెప్పుకోదగ్గ పెరడు కనిపించలేదు.

చైనాలో సినిమా చూడకపోయినా, బీజింగ్ స్వర్గ దేవాలయం నమూనాలో కట్టిన గుండ్రటి మంటపంలోకి మాత్రం వెళ్ళి తీరాలి. నేల మీద సరిగ్గా నడిమధ్యనున్న రాతి మీద నిలబడి, తల పైకెత్తి మెల్లగా ఒక మాట అనండి. ఆ మాట గుమ్మటాన్ని తాకి మన చెవికే తిరిగి వస్తుంది. రెండడుగులు పక్కకు జరిగితే ఆ గమ్మత్తు ఉండదు. ఒకసారి ఎవరి మామగారో అక్కడ నిలబడి "ఓం" అనడం, అనుకోకుండా గట్టిగా వినబడేసరికి ఉలిక్కిపడి చుట్టూ చూడడం నేను చూశాను.

దేశాలు తెరవని ఉదయం వేళ ముందు భాగంలోనే గడపవలసి వస్తే, సముద్ర జీవుల భవనానికి వెళ్ళండి. అక్కడి అక్వేరియంలో 57 లక్షల గ్యాలన్ల నీరు పడుతుంది. మెట్లో లిఫ్టో ఎక్కి పై అంతస్తులోని గాజు గోడల దగ్గరకు వెళ్తే, నీలి వెలుగులో సొరచేపలు తాబేళ్ళు తిరుగుతుండగా ఎంతసేపైనా కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. దాని పక్క భవనంలో పంటల మధ్య నుంచి మెల్లగా సాగే పడవ ప్రయాణం ఉంది, వ్యవసాయం తెలిసిన నాన్నలకు అది తప్పకుండా నచ్చుతుంది.

ఈ చోట్లన్నీ చూశాక, మీ అంతట మీరే కొత్తవి పట్టుకోవచ్చు. ఈ పార్కులో పూర్తి నిశ్శబ్దం ఎక్కడా ఉండదు, పొదలలో దాచిన స్పీకర్ల నుంచి ప్రతి దేశపు సంగీతమూ వినవస్తూనే ఉంటుంది. కాబట్టి ఒక చోట నిలబడి, పాటకన్నా నీటి చప్పుడు ముందుగా వినిపిస్తోందా అని గమనించండి. దారిలో మెట్లుంటే స్ట్రోలర్లు రావు, స్ట్రోలర్లు రాని చోట గోల సగం ఉండదు. ముందు తలుపు లేకుండా పక్క సందులోంచి మాత్రమే ప్రవేశమున్న తోటల్లోకి తప్పక తొంగి చూడండి, కానీ సిబ్బంది కోసమని రాసి ఉన్న తలుపుల జోలికి పోవద్దు. వేసవిలో ఫ్లోరిడాలో మధ్యాహ్నాలు ఉరుముల వాన తరచుగా పడుతుంది. అప్పుడు చాలామంది ఇళ్ళకూ హోటళ్ళకూ వెళ్ళిపోతారు. ఏదైనా భవనంలో ఆగి, వాన వెలిశాక బయటికి వస్తే తోటలన్నీ మనవే. బెంచీలు తడిసి ఉంటాయి గనుక నాన్నగారి భుజం మీది తువ్వాలు ఆ పూట అక్కరకు వస్తుంది.

సాయంత్రం సంగతి వేరు. రాత్రి బాణసంచా కోసం గంట ముందు నుంచే జనం చెరువు కమ్మీలకు ఆనుకుని స్థలం పట్టుకుంటారు, అందుచేత ఆ గంటసేపూ మొరాకో సందులు, జపాన్ తోట పగటికన్నా ఖాళీగా, దీపాల వెలుగులో ఇంకా అందంగా ఉంటాయి. అయితే ప్రదర్శన మొదలయ్యాక ఆ మోతను ఏ గోడా ఆపలేదు. చప్పుడు పడనివారిని అప్పటికే బయటికి తీసుకువెళ్ళాలి. ఆ తొందరలో దగ్గరగా ఉంది కదా అని ఫ్రాన్స్ పక్కనున్న వెనుక గేటులోంచి బయటపడకండి, అది హోటళ్ళ వైపు తీసుకువెళ్తుంది. కార్లు పెట్టే చోటు ముందు గేటు దగ్గర, వెండి గోళానికి అవతల ఉంది, పెద్దవాళ్ళ నడకతో జపాన్ నుంచి అక్కడికి కనీసం అరగంట పడుతుంది.